తోరణం ఆగేదాకా గేటు తీయరు

నమోదు 1

గట్టు మీది టెలిస్కోప్‌కు ఇవాళ కొత్త అద్దం బిగించాను. సాధనం మారితే నమోదు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలని మా ఊరి పెద్ద మద్దిలేటి రాసిన నియమం. రాసేదెవరో, ఎక్కడి నుంచి రాస్తున్నారో కూడా చెప్పాలట. పురిటిబిడ్డలు తప్ప ఇక్కడ నన్ను ఎరగనివాళ్ళు లేరు. అయినా రాస్తున్నాను.

నా పేరు సువర్చల. బుధగ్రహం ఉత్తర కొసన, ఎండ ఎన్నడూ పడని ఒక పెద్ద గుంట అడుగున మా ఊరుంది. పేరు చీకటిగుంట. ఎండ పడదు కాబట్టి మంచుంది, మంచుంది కాబట్టి మేమున్నాం. మొదట ఇక్కడికి వచ్చినవి బేతంచెర్ల వైపు రాతిగనుల్లో పనిచేసిన కుటుంబాలు. రాయి బదులు మంచు కొట్టడం నేర్చుకున్నారు గానీ మాట మాత్రం మార్చుకోలేదు.

నా పని సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండడం. గుంటలోకి వెలుగు రాకపోయినా, సూర్యుడి మీద పేలుడు జరిగితే కణాల జల్లు వస్తుంది. అది గోడల్నీ ఒంటినీ కూడా దూసుకుపోతుంది. అది వచ్చేలోగా అందరూ లోతు సొరంగంలోకి దిగాలి. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు పైకి రావచ్చో చెప్పేది నేను.

ఇక ఇంటి సంగతి. మా ఆయన కుళ్ళాయప్ప మంచు తవ్వుతాడు. ప్రస్తుతం మా మధ్య మాటల్లేవు. బడిపిల్లలకు ఊగడం గురించి ఒక పాఠం చెప్పమంటే ఒప్పుకున్నాను. ఊపు తగ్గుతూ పోయేదానికి ఉయ్యాల చూపించాను. అసలు తగ్గనిదానికి ఒక ఉదాహరణ కావాలని పిల్లలు పట్టుబట్టారు. చేతిలో వేరేదేమీ లేక, మా ఆయన గురక రికార్డు చేసి వినిపించాను. బోర్డు మీద గీత గీసి, ఎత్తు ఎక్కడా తగ్గలేదని కొలిచి మరీ చూపించాను. పిల్లలకు పాఠం బాగా వంటబట్టింది. మర్నాటి నుంచి ఆయన ఏ సందులో ఎదురుపడినా గుర్రుపెట్టి పలకరించడం మొదలుపెట్టారు.

ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. మంచు తవ్వే చోట ఉన్న మకాంకు డ్యూటీ అడిగి తీసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు. మకాం గుంటకు ఆ చివర ఉంది. ఆయనతో పాటు సుంకులమ్మవ్వ కూడా వెళ్ళింది. మంచు తాగడానికి పనికొస్తుందో లేదో చూసే పని అవ్వది. మద్దిలేటికి స్వయానా అత్తగారు. అల్లుడి ఇంట్లో స్నానం నీళ్ళకు కూడా కొలత గీత ఉందనీ, మకాంలో అయితే ప్రాణానికి హాయిగా ఉంటుందనీ అందరికీ చెప్పి మరీ వెళ్ళింది.

కొత్త అద్దం చాలా బాగుంది. సూర్యుడి మీద ఇంతకు ముందు మసకగా కనిపించినవన్నీ ఇప్పుడు దారప్పోగుల్లా కనిపిస్తున్నాయి.

నమోదు 2

సూర్యుడు పేలాడు. సైరన్ మోగించాను. ఊరంతా సొరంగంలోకి దిగింది. మకాంలో ఉన్న ఇద్దరూ అక్కడి నేలమాళిగలోకి దిగారని రేడియోలో తెలిసింది. చెప్పింది సుంకులమ్మవ్వే. మా ఆయన పక్కనే ఉన్నాడట, బాగానే ఉన్నాడట, మాట్లాడడట.

నేను చూసేవి తోరణాలు. సూర్యుడి ఒంటి మీద నిప్పు తీగలు వంపు తిరిగి లేస్తాయి, రెండు కాళ్ళూ అక్కడే పాతుకుని. వాటిని అలా నిలబెట్టేది అయస్కాంత బలం. ఒక్కో తోరణం కింద భూమిని బంతిలా దొర్లించుకుంటూ పోవచ్చు. పక్కన పేలుడు జరిగితే తోరణం అదిరి ఇటూ అటూ ఊగుతుంది. ఒక్క ఊపుకు అయిదు నిమిషాలు పడుతుంది. మొదటి ఊపు పెద్దది, రెండోది అందులో సగం, మూడోది మళ్ళీ అందులో సగం. నాలుగోదానికల్లా సద్దుమణుగుతుంది. మొత్తంగా ఊగే బలం అంచుల్లోని సన్నని పోగుల్లోకి జారుకుని అక్కడ వేడిగా మారిపోతుంది. తోరణం నెమ్మదించిందంటే ఆ చోటు శాంతించినట్టు. ఊపు తగ్గకపోతే ఇంకో పేలుడు పొంచి ఉందేమోనని అనుమానించాలి.

అందుకే మా ఊళ్ళో అన్నిటికంటే పాత నియమం ఇది: తోరణం పూర్తిగా ఆగేదాకా సొరంగం గేటు తీయరాదు. మామూలుగా అయితే జల్లు కురిసి వెలిసేసరికి తోరణం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. మేం పైకి వచ్చి, పొయ్యి మీద వదిలేసి వెళ్ళిన అన్నం మాడిందా లేదా చూసుకుంటాం.

ఈసారి జల్లు కురిసింది, వెలిసింది. తోరణం నాలుగు ఊపులు ఊగింది, తగ్గింది. తగ్గి, మరీ చిన్నదైపోయి, ఆ చిన్న ఊపు దగ్గర నిలిచిపోయింది. తీగ మీద ఆరేసిన చీర అంచు వణికినట్టు, అయిదేసి నిమిషాలకు ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఇంకాసేపటికి ఆగుతుందని అందరికీ చెప్పాను.

నమోదు 3

ఆగలేదు.

రోజులు గడుస్తున్నాయి. సొరంగంలో అత్యవసరానికని దాచిన సరుకులో బియ్యం కంటే బొరుగులు ఎక్కువున్నాయి. తేలిగ్గా ఉంటాయి, మోయడం సులువని ఎవరో తెలివైనవాళ్ళు నిర్ణయించారట. అందువల్ల వంట చూసే ఖాసింబీ ఆ బొరుగులే నానబెట్టి, తాలింపు వేసి, పొద్దునా ఉగ్గాని, మధ్యాహ్నం ఉగ్గాని, సాయంత్రం నిమ్మకాయ పిండిన ఉగ్గాని పెడుతోంది. మొదట్లో వంతుల కోసం పోట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు ఒకరి వంతు ఒకరికి ఇచ్చేసుకుంటున్నారు.

స్నానాల గది ఒక్కటే. దాని ముందు వరుసలో నిలబడి జనం సూర్యుడి గురించి చర్చిస్తున్నారు. తోరణం ఎందుకు ఆగడం లేదని నన్ను అడిగితే తెలియదన్నాను. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. తెలియకపోవడానికి జీతమెందుకని ఒకాయన అడిగాడు. పక్కనున్నావిడ, తెలియనప్పుడు తెలియదని చెప్పేవాళ్ళకు రెండింతలు ఇవ్వాలంది. ఇద్దరూ దాని మీద వాదించుకుని వరుసలో తమ వంతు పోగొట్టుకున్నారు.

మకాం నుంచి వచ్చే కబుర్లు అంత సరదాగా లేవు. అక్కడ గాలిని కడిగే డబ్బాలు ఇద్దరికి కొద్ది రోజులకే సరిపోతాయి. నీళ్ళకు కొదవ లేదు, చుట్టూ మంచే. గాలికే కరువు. సుంకులమ్మవ్వ మాత్రం వేరే సంగతి మీద ఫిర్యాదు చేసింది. కుళ్ళాయప్ప గురకకు తనకు నిద్ర లేదట. రేడియో అతని మంచం పక్కన పెట్టి నన్ను కూడా వినమంది. విన్నాను. ఎత్తు ఎక్కడా తగ్గకుండా, నిండుగా, గదిలో గాలి బాగున్న మనిషి పెట్టే గురక. చాలాసేపు విన్నాను. అవ్వ మధ్యలో ఏదో అడిగితే బదులు చెప్పడం కూడా మరిచిపోయాను.

నమోదు 4

మధ్యాహ్నం ఉగ్గాని తింటుండగా ఖాసింబీ వచ్చి నా పక్కన కూలబడింది. మిరపకాయ బజ్జీలు వేయడానికి పిండి అయిపోయిందన్న బాధలో ఉంది. ఎవరినో ఒకరిని తిట్టకపోతే మనసు కుదుటపడేట్టు లేదు. సూర్యుణ్ణి తిట్టింది, మద్దిలేటిని తిట్టింది, చివరికి నా వైపు తిరిగింది.

"ఆ కొత్త అద్దం పెట్టినాకనే గదక్కా ఈ పీడంతా. పాత అద్దంలో ఆ సూర్యుడు ఎంత బుద్ధిగా ఉండె."

అద్దానికీ సూర్యుడికీ సంబంధమేమిటని నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగింది. గిన్నె అక్కడే పెట్టి, గుంట గట్టు మీది టెలిస్కోప్ చిత్రాలు వచ్చే తెర దగ్గరికి పరిగెత్తాను. ఖాసింబీ నా వంతు ఇంకెవరికీ అంటగట్టలేక ఇప్పటికీ తిడుతోంది.

ముందు సూర్యుడి మీద ఏ అలజడీ లేని వైపు చూశాను. అక్కడ పేలుడు లేదు, నెలరోజులుగా చీమ చిటుక్కుమన్నది లేదు. అక్కడి తోరణాలు కూడా వణుకుతున్నాయి. ఒకటి కాదు, నేను చూసిన ప్రతిదీ. అంత చిన్నగానే, పెరగకుండా, తరగకుండా.

తరవాత పేలుడు రోజు తీసిన చిత్రాలను పాత అద్దం చూపించినంత మసకగా మార్చి చూశాను. ఒకటో ఊపు, రెండో ఊపు, మూడు, నాలుగు, అంతే. తోరణం ఆగిపోయింది. పాత అద్దమే ఉండి ఉంటే అదే రోజు గేటు తీసి, అందరం ఇళ్ళకు వెళ్ళి, మకాం నుంచి ఇద్దరినీ పిలిపించుకుని ఉండేవాళ్ళం.

తోరణాలు ఏనాడూ ఆగలేదు. పెద్ద ఊపు తగ్గాక ఈ సన్న వణుకు ఎప్పుడూ ఉంటూనే ఉంది. సూర్యుడి కింది పొరల్లో కుతకుతలాడే కదలికే వాటి కాళ్ళను కదిలిస్తూ ఉంటుందని నా ఊహ. అది ఊహే, రుజువు లేదు. కానీ వణుకు అన్ని చోట్లా ఉందన్నది మాత్రం కంటితో చూసింది.

మద్దిలేటి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. రేపు అందరి ముందూ మాట్లాడమన్నాడు.

నమోదు 5

సభ జరిగింది. చీకటిగుంటలో సభ అంటే అందరూ ఒకేసారి మాట్లాడడం. దానికి తోడు రెండు పుకార్లు ముందే వచ్చి కూర్చున్నాయి. మొగుణ్ణి లోపలికి తెచ్చుకోవడానికి సువర్చల లెక్కలు మారుస్తోందన్నది ఒకటి. అత్త బయట ఉన్నంతకాలం మద్దిలేటికి గేటు తీయాలనిపించదన్నది రెండోది. ఒక్కోదాన్ని నమ్మేవాళ్ళు చెరో వైపు కూర్చున్నారు. రెండూ నమ్మేవాళ్ళు మధ్యలో కూర్చున్నారు.

మద్దిలేటి గురించి ఒకటి రాయాలి. తెలియనివాళ్ళు అతన్ని చాదస్తపు మనిషి అనుకుంటారు. సొరంగానికి నియమాలు రాసింది అతనే, కానీ ఊరికే రాయలేదు. చాలా ఏళ్ళ కిందట, సూర్యుణ్ణి చూసే ఉద్యోగమే ఇక్కడ లేని రోజుల్లో, జల్లు వెలిసిందని గేటు తీశారు. సుంకులమ్మవ్వ భర్త బొజ్జన్న బండి వేసుకుని మకాంకు బయలుదేరాడు. సగం దారిలో ఉండగా రెండో పేలుడు జల్లు వచ్చి పడింది. మనిషిని తెచ్చారు గానీ బతికించుకోలేకపోయారు. గేటు తీసిన చేతులు మద్దిలేటివి. అప్పటికతనికి కొత్తగా పెళ్ళయింది. నియమం రాసింది ఆ తరవాతే. నా ఉద్యోగం పుట్టింది కూడా అప్పుడే.

అందుకని నేను వాదించడానికి వెళ్ళలేదు, చూపించడానికి వెళ్ళాను. సొరంగంలో గాలి పంపే పంకా ఎదురుగా తీగ కట్టి తువ్వాలు ఆరేసుకుంటాం. మద్దిలేటిని సభ చివరన నిలబెట్టి, కళ్ళజోడు తీయమని అడిగి, ఆ తువ్వాలు కదులుతోందా అన్నాను. లేదన్నాడు. కళ్ళజోడు పెట్టుకోమన్నాను. పెట్టుకుని చూసి, సన్నగా కదులుతోందని ఒప్పుకున్నాడు.

"ఇప్పుడే కదలడం మొదలుపెట్టిందా అన్నా?"

సభలో ఉన్నవాళ్ళందరూ ఒకే వైపు చూశారు. చీకటిగుంట చరిత్రలో అదే మొదటిసారి అనుకుంటాను. మద్దిలేటి తువ్వాలు వైపు చూస్తూనే ఉన్నాడు.

"నువ్వు సెప్పింది అర్థమైంది సెల్లే. కానీ తువ్వాల వల్ల మనుషులు సావరు."

తోరణం ఆగిందని రాసిచ్చి సంతకం పెడితే ఇప్పుడే తీస్తానన్నాడు. ముందు వరుసలో ఉన్న ఖాసింబీ నా చేయి గిల్లి, రాసియ్యక్కా, ఏముంది అందులో అంది. ఆమె వెనకున్నవాళ్ళూ అదే అన్నారు. ఒక్క ముక్క. ఆగింది. పాత అద్దంతో చూస్తే అది అబద్ధం కూడా కాదు.

రాయలేకపోయాను. ఊగుతున్నది కళ్ళారా చూస్తూ ఆగిందని ఒకసారి రాస్తే, నిజంగా ప్రమాదం వచ్చిన రోజు నా మాట ఎవరు నమ్ముతారు? అదంతా పైకి అంటే జనం ఏమనుకుంటారోనని, రెండే మాటలు అన్నాను.

"ఆగలేదన్నా. అది ఆగేది కాదు."

"అట్లయితే నేను తీసేదీ కాదు."

సభ ముగిసింది. ఈ రాత మధ్యాహ్నం ఉగ్గానికి ముందు రాస్తున్నాను. ఆకలి లేదు.

నమోదు 6

మకాం నుంచి కబురు. గాలి కడిగే డబ్బాల్లో ఆఖరిది పెట్టేశారు. మా ఆయన నెమ్మదిగా పడుకుని ఉన్నాడట, గాలి ఆదా అవుతుందని. గురక కూడా తగ్గిందని అవ్వ చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ గురక మీద వంద ఫిర్యాదులు చేసిన మనిషి, ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది.

అల్లుణ్ణి పిలవమంది. సొరంగంలో రేడియో అందరికీ వినపడేట్టు పెట్టి ఉంటుంది. మద్దిలేటి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అల్లుడా, ఆ రూలు నువ్వు ఎవరి కోసం రాసినావో నాకు తెలుసు. మీ మామ పోయిన పొద్దు తోరణం ఊగుతాండాదో లేదో సూసే మనిషి ఒక్కరూ లేరు. అందరూ గుడ్డిగా గేటు తీసినారు. నీ ఒక్కని తప్పు కాదు. ఇప్పుడు సూసే మనిషిని పెట్టినావు. ఆ పాప సూసి సెప్తాంటే నువ్వు మళ్ళా గుడ్డిగా గేటు మూస్తాండావు. ఇట్లయితే నా మొగుడు ఉత్తినే పోయినట్టు గదా?"

మద్దిలేటి కళ్ళజోడు తుడుచుకుని, సభ పిలవమన్నాడు. నియమాన్ని తనొక్కడే మార్చకూడదని ఇంకో నియమం ఉంది. అదీ అతను రాసిందే.

మార్పు ఇది: ఊపు పెరగడం లేదనీ, వణుకు ఒకే తీరున ఉందనీ చూసే మనిషి చెబితే గేటు తీయవచ్చు. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక, చేతిలో కలం ఉంది కదా అని, స్నానానికి ఒక్కొక్కరికి ఎంతసేపో కూడా అదే కాగితం మీద రాయాలని ఒకాయన లేచాడు. బొరుగుల బదులు బియ్యం నిల్వ చేయాలని ఇంకొకరు. ఆ రెండోదానికి చప్పట్లు కొట్టారు. మద్దిలేటి ఎవరినీ కసురుకోకుండా అన్నీ రాసుకున్నాడు. ఆఖరున, చూసే మనిషి అని రాసి, పక్కన నా పేరు రాసి, కలం నాకు ఇచ్చాడు.

ఇన్ని రోజులూ గేటు తీయమని పోరింది నేనే. ఇప్పుడు తప్పయితే నాది. మళ్ళీ వెళ్ళి తోరణం చూశాను. సంతకం పెట్టి, బయలుదేరమని మకాంకు కబురు పెట్టాను.

నమోదు 7

బండి మకాం నుంచి బయలుదేరింది. అవ్వ నడుపుతోంది. మా ఆయనకు తల దిమ్ముగా ఉందట, పక్కన కూర్చున్నాడు. సొరంగంలో అందరూ రేడియో చుట్టూ చేరారు. స్నానాల గది దగ్గర వరుస కూడా లేదు.

బండి సగం దారిలో ఉండగా సూర్యుడు మళ్ళీ పేలాడు.

సొరంగమంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. నేను చూసిన తోరణం దగ్గర కాదు, సూర్యుడి తూర్పు అంచున, అసలు అనుకోని చోట. అక్కడి తోరణం విరిగిపోతుందేమోనన్నంత పెద్దగా ఊగింది. మద్దిలేటి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. అతని ఊపిరి నాకు వినిపిస్తోంది. బండి సరిగ్గా బొజ్జన్న బండి ఉన్నంత దూరంలోనే ఉంది. అది మా ఇద్దరికీ తెలుసు.

అంచున జరిగే పేలుడు జల్లు సూటిగా మన మీదికి రాదు. సూర్యుడు తిరుగుతూ ఉంటాడు కాబట్టి జల్లు దారి వంపు తిరిగి ఉంటుంది. తూర్పు అంచు దారి మనల్ని తప్పించుకుని పోతుంది. సాధారణంగా. ఆ సాధారణంగా అన్న మాటను నమ్ముకుని బండిని రమ్మనలేను. ఒకదాని వెంట ఇంకోటి పేలితే, రెండోది ఎటు తిరుగుతుందో చెప్పలేం. అది తెలియాలంటే తోరణం నెమ్మదిస్తోందో లేదో చూడాలి. ఒక్క ఊపుకు అయిదు నిమిషాలు. రెండు ఊపులైనా చూడకుండా ఏమీ చెప్పలేను. ముందుకు రావాలన్నా వెనక్కి పోవాలన్నా బండికి ఒకటే దూరం, ఆలస్యం చేస్తే రెండూ దూరమే.

రేడియోలో మా ఆయన గొంతు వినిపించింది. గురక పాఠం తరవాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"సువర్చలా, రమ్మంటావా, ఎనక్కి పొమ్మంటావా?"

కొంచెం ఆగమన్నాను. ఆగుతానన్నాడు. ఎందుకని అడగలేదు. అవ్వ బండి ఆపింది. సొరంగంలో ఎవరి బిడ్డో ఏడిస్తే, తల్లి ఎత్తుకుని దూరంగా తీసుకుపోయింది. రెండో ఊపు వచ్చింది. మొదటిదాంట్లో సగానికి కాస్త తక్కువే. కొలిచాను. నమ్మకం చాలక ఇంకోసారి కొలిచాను. మూడో ఊపు మొదలవుతూనే ఇంకా చిన్నదిగా కనిపించింది. తూర్పు అంచున ఊపు అణగారుతోంది. గుంట పైనున్న జల్లు కొలిచే పెట్టెలో ముల్లు కదలకుండా ఉంది.

మద్దిలేటి వైపు చూశాను. నిర్ణయం నాకే వదిలేశాడు. ఆ క్షణంలో అతని మీద చాలా కోపం వచ్చింది. తరవాత పోయింది.

"రాండి" అన్నాను.

బండి చప్పుడు మళ్ళీ వినిపించింది. మా ఆయన ఇంకేదో అన్నాడు, దానికి నేనూ ఏదో అన్నాను. సొరంగంలో అందరూ విన్నారు కాబట్టి, వాళ్ళెవరూ మరిచిపోరు కాబట్టి, అది ఇక్కడ రాయడం లేదు.

నమోదు 8

బండి గేటు ముందుకు వచ్చిందని అవ్వ చెప్పింది. గేటు తీయడానికి మీట నొక్కితే మోటారు మూలిగి ఊరుకుంది. ఇన్ని రోజులు మూసి ఉండడం వల్ల పట్టాలకు మంచు పట్టింది. గేటు గదికి ఇవతల, మా వైపు, చేత్తో తిప్పే పెద్ద చక్రం ఒకటుంది. తిప్పడానికి నలుగురు కావాలి. నేను ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చేసరికి మద్దిలేటి ఒక్కడే దాన్ని తిప్పుతున్నాడు. ఆ ఇనుము వేళ్ళు అంటుకుపోయేంత చల్లగా ఉంటుంది. పక్కకు జరగమంటే జరగలేదు. మేం ముగ్గురం పట్టుకున్నాం గానీ చక్రం ఎక్కువ తిప్పింది అతనే.

గేటు తెరుచుకుంది. బండి లోపలికి వచ్చి ఆగింది. వెనక గేటు మూసి, గాలి నింపి, ఇద్దరినీ దింపారు. మా ఆయన రెండు అడుగులు వేసి నా భుజం మీద చేయి వేశాడు. బరువంతా నా మీదే వేశాడు. ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు బాగానే ఉన్నాయి. బడిపిల్లలు దూరంగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా గుర్రు పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండుననిపించింది.

సుంకులమ్మవ్వ తల మీది తొడుగు తీసి, జుట్టు ముడి సరిచేసుకుంది. నేరుగా అల్లుడి దగ్గరికి నడిచింది. మద్దిలేటి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ ఆ చేతులు ముందుకు లాగి తెరిచి చూసింది. అరచేతుల్లో చర్మం అక్కడక్కడ లేచిపోయి ఉంది. ఊరు ఊరంతా చూస్తోంది. పదేళ్ళుగా ఈ ఇద్దరూ స్నానం నీళ్ళ గురించి తప్ప మాట్లాడుకోలేదని ఊరందరికీ తెలుసు.

"గ్లౌజులు ఏసుకోవాలని ఒక రూలు రాయలేదా నువ్వు?" అని అడిగింది.

"రాసినా అత్తా. మర్సిపోయినా."

ఆవిడ మెడకు చుట్టుకున్న గుడ్డ విప్పి, చించి ఆ చేతులకు కట్టడం మొదలుపెట్టింది. అతను చిన్నపిల్లాడిలా నిలబడి కట్టించుకున్నాడు, తల మాత్రం ఎత్తలేదు. మేమంతా అటు నుంచి చూపు తిప్పుకుని, బండిలోంచి సామాను దించే పనిలో పడ్డాం. దించడానికి అందులో ఏమీ లేకపోయినా.